కిడ్నీ మార్పిడి: ముందు తారీఖులు కుదరాలి

ప్రశ్న: మా వారికి 41 ఏళ్ళు. తణుకులో చిన్న ఎరువుల కొట్టు ఉంది. ఏడాదిన్నర క్రితం రెండు కిడ్నీలూ పాడయ్యాయన్నారు. అప్పటినుంచి మంగళ, గురు, శనివారాల్లో డయాలిసిస్ చేయిస్తున్నాం. కిడ్నీ మార్పిడి చేయించుకుంటే మంచిదన్నారు. మా వారిది ఓ గ్రూపు. నాది బి గ్రూపు కాబట్టి పనికిరాదన్నారు. మా అత్తగారు ఇస్తానని ముందుకొచ్చారు. మూడు నెలలు తిప్పి, స్కానింగులన్నీ అయ్యాక, ఆవిడకు షుగరు ఉంది, కుదరదన్నారు. ఇప్పుడు మా ఆడపడుచు ఇస్తానంటోంది. ఆమెకు 34 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు, అత్తవారిది మండపేట. ఆమెది కూడా ఓ గ్రూపే.

మొత్తం ఆరు నెలలుగా తిరుగుతున్నాం. ఒకసారి వెళితే గుండె డాక్టరు గారు లేరు. ఇంకోసారి కమిటీ మీటింగు నిన్ననే అయిపోయిందన్నారు. ఎక్స్‌రే పాతబడింది, మళ్ళీ తీయించమన్నారు. మా ఆడపడుచు పేరు ఆధార్‌లో ఒకలా, స్కూలు సర్టిఫికెట్టులో మరోలా ఉందని కాగితాలు వెనక్కి ఇచ్చారు. ఈ మధ్య మా వారికి రక్తం తక్కువగా ఉందని ఇక్కడ రెండు సీసాలు ఎక్కిస్తే, ఇక మ్యాచింగు మళ్ళీ చెయ్యాలంటున్నారు. ఆపరేషను ఒకటే కదా, ఇన్ని తారీఖులేమిటి? ఏం చేస్తే త్వరగా అవుతుంది? మా ఆడపడుచు ఫోనులో “మళ్ళీ ఎప్పుడు రావాలి వదినా?” అంటుంది గానీ, ఆ గొంతు వింటే నాకు భయంగా ఉంటోంది.

– ఒక సోదరి, తణుకు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరడిగిన ప్రశ్న తారీఖుల గురించి. అడగకుండా వదిలేసిన ప్రశ్న చివరి వాక్యంలో ఉంది. తారీఖుల సంగతి ముందు చెబుతాను. మీ ఆడపడుచు సంగతి దగ్గరకు తర్వాత వస్తాను. నా ఉద్దేశంలో అదే ముఖ్యమైనది.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కిడ్నీ మార్పిడి ఈ రెండింటికీ తీసిపోదు. కత్తి పట్టుకునే పని మూడు నాలుగు గంటలు. దానికి ముందు నెలల తరబడి, తర్వాత జీవితాంతం తారీఖులే. ఇవాళ కొత్తగా పుట్టిన తతంగం కాదిది. ప్రపంచంలో విజయవంతమైన మొదటి కిడ్నీ మార్పిడి 1954 డిసెంబరు 23న అమెరికాలోని బోస్టన్‌లో జరిగింది. కవల పిల్లల్లో ఒకరి కిడ్నీ మరొకరికి పెట్టారు. వాళ్ళు అచ్చమైన కవలలేనా అని తేల్చుకోవడానికి డాక్టర్ జోసెఫ్ మర్రే బృందం ముందుగా ఒకరి చర్మం ముక్క మరొకరికి అతికి, అది నిలుస్తుందా లేదా అని రోజుల తరబడి కనిపెట్టి చూసింది. మన దేశంలో 1971లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో చేసినప్పుడూ అంతే. ముందు పరీక్షలు, తర్వాతే ఆపరేషను.

పరీక్షలు ఎందుకు పాతబడతాయి?

మార్పిడి జరిగాక, కొత్త కిడ్నీని ఒళ్ళు తోసిపుచ్చకుండా ఉండటానికి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు ఇస్తారు. అప్పటిదాకా అణిగి ఉన్న క్షయ, పుచ్చిపోయిన పన్ను, చెవిలో చీము, కామెర్ల వైరస్ – ఇవన్నీ అదను చూసుకుని లేస్తాయి. అందుకే వాటిని ముందే వెతికి, ఉంటే నయం చేసి, ఆ తర్వాతే ఆపరేషనుకు దిగుతారు. ఆరు నెలల కిందటి ఎక్స్‌రే ఆరు నెలల కిందటి ఛాతీనే చూపిస్తుంది. డయాలిసిస్ మీద ఉన్నవారికి గుండె పరిస్థితి కూడా నెలనెలకూ మారవచ్చు. అందుకని కొన్ని పరీక్షలకు గడువు ఉంటుంది. మళ్ళీ చెయ్యమనడం డబ్బు గుంజడానికే అనుకోకండి. అయితే ఏ పరీక్షకు ఎంత గడువో ముందే చెప్పించుకోవడం మీ పని. అది తెలిస్తే గడువున్న పరీక్షలను చివరకు పెట్టుకోవచ్చు.

మీ అత్తగారి విషయంలో జరిగింది చూడండి. షుగరు పరీక్ష పది నిమిషాల పని, ఖర్చూ తక్కువ. అది మొదట్లోనే చేసి ఉంటే మూడు నెలలు, స్కానింగుల ఖర్చు మిగిలేవి. దాతకు ముందుగా బ్లడ్ గ్రూపు, బి.పి., షుగరు, మూత్రంలో ప్రోటీను, క్రియాటినైను చూడాలి. వీటిలో గట్టెక్కాకే మ్యాచింగు, ఆ తర్వాతే కిడ్నీ రక్తనాళాలను చూపే సి.టి. స్కానింగు. గడప దగ్గరే ఆపేసే పరీక్షలు గడప దగ్గరే జరగాలి. మీ ఆడపడుచుకు ఈ వరస పాటించారా అని అడగండి.

అసలు ఎవరిని అడగాలి?

కిడ్నీ డాక్టరు గారిని పట్టుకుని అడగబోతే ఆయన వెనక యాభై మంది నిలబడి ఉంటారు. కౌంటరులో అడిగితే “ఆ సంగతి మాకు తెలియదు” అంటారు. అడగవలసిన మనిషి వేరే ఉన్నారు. వారిని ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటరు అంటారు. ఇది ఆస్పత్రి చూపించే దయ కాదు. అవయవ మార్పిడి మీద 1994లో కేంద్రం చట్టం చేసింది, 2011లో దాన్ని సవరించింది. ఆ సవరణ ప్రకారం కోఆర్డినేటరును నియమించుకోని ఆస్పత్రికి మార్పిడి చేసే రిజిస్ట్రేషనే ఇవ్వకూడదు. కనుక “మా కోఆర్డినేటరు ఎవరండీ? ఒకసారి కూర్చుని మాట్లాడాలి” అని అడగడానికి మొహమాటపడకండి. కూర్చున్నాక ఈ ఏడు ప్రశ్నలు అడిగి, జవాబులు అక్కడే రాసుకోండి.

1. మా వారికి, దాతకు ఇప్పటిదాకా అయిన పరీక్షలేవి? మిగిలినవేవి? ఏది ముందు, ఏది తర్వాత?

2. అయినవాటిలో దేని గడువు ఎప్పటిదాకా ఉంది?

3. వీటిలో తణుకులోనే చేయించి పంపదగినవి ఏవి? మీ దగ్గరే చెయ్యవలసినవి ఏవి?

4. గుండె, పళ్ళు, ఊపిరితిత్తులు, మానసిక వైద్యం – ఏ డాక్టరు ఏ రోజు చూస్తారు? వాళ్ళు సెలవు పెడితే ముందురోజు మాకు ఫోను వస్తుందా?

5. అనుమతి కాగితాలు ఏ తారీఖులోపు ఇవ్వాలి? వాటిని ఎప్పుడు చూస్తారు?

6. ప్రభుత్వ పథకం అనుమతి ఎప్పుడు పెడతారు? 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తున్న పథకంలో కిడ్నీ మార్పిడి కూడా ఉంది. మీ కార్డుకు ఏ ఆస్పత్రి వర్తిస్తుందో, ఆపరేషను తర్వాత మందులు ఎంతకాలం ఇస్తారో కూడా ఇప్పుడే తేల్చుకోండి.

7. రాత్రిపూట అవసరం పడితే ఎవరికి ఫోను చెయ్యాలి? మీరు లేనిరోజున ఎవరు పలుకుతారు?

ఒక నోటు పుస్తకం, ఒక మనిషి

రెండు వందల పేజీల పుస్తకం ఒకటి కొనండి. ఎడమ పేజీ మీ వారిది, కుడి పేజీ దాతది. పరీక్ష పేరు, చేసిన తారీఖు, ఎక్కడ చేశారు, ఫలితం, గడువు ఎప్పటిదాకా – ఇవే గడులు. ప్రతి కాగితాన్నీ సెల్ ఫోనులో ఫొటో తీసి ఉంచండి. అసలు కాగితాలు మాత్రం ఒకే సంచిలో ఉండాలి. చాలా ఇళ్ళల్లో ఏం జరుగుతుందంటే, ఒకసారి బావమరిది వెళతాడు, ఒకసారి స్నేహితుడు వెళతాడు. ఆస్పత్రివాళ్ళు ఒకరికి చెప్పింది మరొకరికి తెలియదు. అందువల్ల ఇంట్లో ఒక్కరే ఆ పుస్తకానికి పెద్ద కావాలి. ఉత్తరం చూస్తే ఆ పని మీరే చెయ్యగలరనిపిస్తోంది. రోగికి మాత్రం అప్పగించకండి. డయాలిసిస్ అయిన రోజున మనిషికి అన్నం తినే ఓపికే ఉండదు.

ఏ వారం, ఏ రోజు?

మీ వారికి మంగళ, గురు, శనివారాల్లో డయాలిసిస్. శనివారం తర్వాత మళ్ళీ మంగళవారం దాకా లేదు. ఆదివారం, సోమవారం గడిచేసరికి ఒంట్లో నీరు, పొటాషియం బాగా పెరిగి ఉంటాయి. అంటే సోమవారం ప్రయాణం మీ వారికి అన్నిటికంటే చెడ్డది. బుధవారం, శుక్రవారం మంచివి. గుండె ఎకో పరీక్ష కూడా డయాలిసిస్ అయిన మర్నాడు చేస్తేనే సరైన సంగతి తెలుస్తుంది. నీరు పట్టిన ఒంటితో చేస్తే గుండె ఉన్నదానికంటే బలహీనంగా కనిపించవచ్చు. పన్ను తీయించవలసి వస్తే డయాలిసిస్ రోజున వద్దు. ఆ రోజు రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు గనక, పన్ను తీసిన చోట రక్తం ఆగదు. “మాకు బుధవారం గానీ శుక్రవారం గానీ ఇవ్వండి, దాతను కూడా అదే రోజు చూడండి” అని కోఆర్డినేటరును అడగండి. కారణం చెప్పి అడిగితే కాదనరు. మండపేట నుంచి వచ్చే మీ ఆడపడుచుకు రెండు ప్రయాణాలు ఒకటవుతాయి. వెళ్ళినరోజే తిరిగివచ్చేలా చూసుకోండి. పరీక్ష కోసం మర్నాటి డయాలిసిస్ మానడం ఎప్పుడూ పనికిరాదు.

దారిలో రెండు జాగ్రత్తలు. ఫిస్టులా ఉన్న చేతికి రక్తం తీయనివ్వకండి, బి.పి. పట్టీ చుట్టనివ్వకండి. రెండోది, మన గోదావరి వాళ్ళం ప్రయాణంలో దాహమేస్తే కొబ్బరి బోండాం కొట్టిస్తాం, ఆకలేస్తే అరటిపండు ఒలుస్తాం. ఆరోగ్యవంతుడికి అమృతమే. డయాలిసిస్ మనిషికి మాత్రం ఆ రెండింటిలోని పొటాషియం గుండెను ఆపేయగలదు. ఇంటినుంచి ఇడ్లీ కట్టుకుని వెళ్ళండి.

రక్తం ఎక్కించడం

ఇది చాలామందికి తెలియదు. ఇతరుల రక్తం ఎక్కించినప్పుడు మన ఒంట్లో కొత్త ప్రతిరక్షకాలు పుట్టవచ్చు. అవి రేపు పెట్టబోయే కిడ్నీ మీదకే తిరగబడవచ్చు. కాబట్టే ఆస్పత్రివాళ్ళు మ్యాచింగు మళ్ళీ చెయ్యాలన్నారు. వాళ్ళ మాట సరైనదే. క్రాస్‌మ్యాచ్ అనే ఆఖరి పరీక్ష ఆపరేషనుకు ముందు ఎలాగూ మళ్ళీ చేస్తారు. ఇకమీదట రక్తం తక్కువైతే “ఇంజెక్షన్లతో, ఐరనుతో సరిపెట్టవచ్చా?” అని అడగండి. డయాలిసిస్ రోగులకు రక్తం పెంచే ఇంజెక్షన్లు ఉన్నాయి. ప్రాణం మీదకు వచ్చినప్పుడు మాత్రం రక్తం వద్దనకండి. ఎక్కిస్తే, ఎక్కించిన తారీఖు పుస్తకంలో రాసి, ఆ రోజే కోఆర్డినేటరుకు చెప్పండి.

పేర్ల గొడవ

మన కాగితాల్లో ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. ఒకచోట లక్ష్మి, ఇంకోచోట లక్ష్మీదేవి. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారుతుంది, స్కూలు సర్టిఫికెట్టులో పుట్టింటి పేరే ఉంటుంది. ఊళ్ళో అందరికీ ఒకే మనిషని తెలుసు. చట్టానికి కాగితమే సాక్ష్యం. కిడ్నీల అమ్మకం జరగకూడదనే ఇంత పట్టుదల. భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు దగ్గరి బంధువులు. 2011 సవరణలో తాతలు, అమ్మమ్మలు, నానమ్మలు, మనవలు కూడా చేరారు. మీ ఆడపడుచు ఆ పట్టికలోని మనిషే. అయితే ఆమే మీ వారి సొంత చెల్లెలని రుజువు కావాలి. అన్నాచెల్లెళ్ళిద్దరి కాగితాల్లోనూ తల్లిదండ్రుల పేర్లు ఒకేలా ఉన్నాయా అన్నది ముందు చూడండి. తేడా ఉంటే నోటరీ అఫిడవిట్టు చాలునా, ఆధార్‌నే దిద్దించాలా అని కోఆర్డినేటరును అడిగి, ఈ వారమే మొదలుపెట్టండి. పరీక్షలు జరుగుతుండగానే కాగితాలూ నడవాలి. ఒకటి అయ్యాక ఒకటి అనుకుంటే, కాగితాలు సిద్ధమయ్యేసరికి పరీక్షలు పాతబడతాయి. మీకు జరిగింది అదే.

ఇక మీ ఆడపడుచు

ఇన్ని తారీఖుల్లో ఒక తారీఖు మీ ఉత్తరంలో కనిపించలేదు. మీ ఆడపడుచు ఒంటరిగా డాక్టరుతో మాట్లాడే తారీఖు.

2023లో మన దేశంలో బతికుండగా అవయవం ఇచ్చినవారిలో నూటికి 60 మందికి పైగా ఆడవాళ్ళే. ఇది వాళ్ళ మంచితనమని గర్వపడవచ్చు. కానీ అందులో ఎంతమంది మనస్ఫూర్తిగా ఇచ్చారు, ఎంతమంది కాదనలేక ఇచ్చారు అని డాక్టర్లం మేమూ ఆలోచించాలి, ఇళ్ళల్లో మీరూ ఆలోచించాలి. అన్నయ్య ప్రాణం, అమ్మ కన్నీళ్ళు ఒకవైపు. మొగుడు, అత్తమామలు, ఇద్దరు పసిపిల్లలు ఇంకోవైపు. మధ్యలో నిలబడిన మనిషి “మళ్ళీ ఎప్పుడు రావాలి?” అని తప్ప ఇంకేం అడగగలదు?

చట్టం ఈ సంగతి గుర్తించింది. దాత స్త్రీ అయితే మరింత జాగ్రత్తగా ఉండాలని, ఆమె ఎవరో, ఆమె ఇష్టమేమిటో కిడ్నీ పుచ్చుకునేవారు కాక మరొకరు ధ్రువపరచాలని 2014 నిబంధనలు చెబుతున్నాయి. మీరు చెయ్యవలసింది ఇది. కోఆర్డినేటరుకు ఫోను చేసి, మీ ఆడపడుచును ఒక్కదాన్నే కూర్చోబెట్టి మాట్లాడే తారీఖు ఒకటి ఇమ్మనండి. ఆ గదిలో మీరు ఉండకూడదు, మీ అత్తగారు ఉండకూడదు, ఆమె భర్త కూడా ఉండకూడదు. అక్కడ ఆమె ఈ ప్రశ్నలు అడగాలి. ఆపరేషను తర్వాత నాకేమవుతుంది? ఇంకో బిడ్డను కనాలనుకుంటే ఏమవుతుంది? ఇప్పుడు వద్దంటే ఏమవుతుంది?

మొదటి ప్రశ్నకు జవాబు నేనే చెబుతాను. ఈ రోజుల్లో దాత కిడ్నీని చాలాచోట్ల చిన్న రంధ్రాల ద్వారా తీస్తున్నారు. మూడు నుంచి ఐదు రోజుల్లో ఇంటికి పంపుతారు. ఆరు వారాలపాటు బిందెలెత్తడం, బరువులు మొయ్యడం కూడదు. ఉన్న ఒక్క కిడ్నీయే కొంత పెరిగి పని అందుకుంటుంది. ప్రతి సంవత్సరం బి.పి., మూత్రం, క్రియాటినైను చూపించుకోవాలి. ముందుముందు ఆమెకూ కిడ్నీ జబ్బు వచ్చే అవకాశం కొద్దిగా పెరుగుతుంది. చాలా కొద్దే, కానీ సున్నా కాదు. మళ్ళీ గర్భం వస్తే బి.పి. పెరిగే ప్రమాదం మామూలుకంటే ఎక్కువ. ఇవన్నీ విని ఇష్టపడి ఇస్తే అంతకు మించిన దానం లేదు. వద్దంటే అది కూడా న్యాయమైన జవాబే. కారణం ఇంట్లో చెప్పనక్కర్లేదు. “ఈమె దాతగా కుదరరు” అని మాత్రమే మీకు చెప్పమని ఆమె డాక్టరును కోరవచ్చు. సంతకం పెట్టాక కూడా, ఆపరేషను బల్ల ఎక్కేదాకా మనసు మార్చుకోవచ్చు.

అలా జరిగితే మా వారి గతేమిటి అంటారా? ఆమె ఒక్కతే దిక్కని అనుకున్నంతకాలం ఆమెకు కాదనే స్వేచ్ఛ ఉండదు. కనుక మిగతా తలుపులు కూడా ఇవాళే తట్టండి.

మిగతా తలుపులు

మొదటిది మీరే. మీది బి గ్రూపు, మీ వారిది ఓ గ్రూపు. నేరుగా మీరు ఇవ్వడం కష్టం. కానీ మీలాగే గ్రూపు కలవని మరో జంట దొరికితే, మీ కిడ్నీ ఆ రోగికి, ఆ దాత కిడ్నీ మీ వారికి పెట్టవచ్చు. ఇలా మార్చుకోవడానికి 2011 సవరణ అనుమతించింది. ఓ గ్రూపు రోగికి జంట దొరకడం ఆలస్యం కావచ్చు, అయినా పేరు రాయించండి. గ్రూపు కలవకపోయినా ప్రత్యేక చికిత్సతో మార్పిడి చేసే ఆస్పత్రులు కొన్ని ఉన్నాయి. దానికి ఖర్చెక్కువ. మీకు తగునో కాదో డాక్టరే చెప్పాలి.

రెండోది జీవన్‌దాన్. బ్రెయిన్‌డెడ్ అయినవారి కుటుంబాలు దానమిచ్చిన అవయవాలను వరసప్రకారం పంచే ప్రభుత్వ ఏర్పాటు ఇది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో హైదరాబాదు నిమ్స్ కేంద్రంగా పని మొదలుపెట్టింది. రాష్ట్రం విడిపోయాక 2015 నుంచి ఆంధ్రప్రదేశ్‌కు వేరుగా నడుస్తోంది. మీరు స్వయంగా వెళ్ళి పేరు రాయించుకునేది కాదు. మార్పిడి చేసే ఆస్పత్రి ద్వారానే నమోదవుతుంది. ఇంట్లో దాత ఉన్నారు కదా అని చాలామంది ఈ పని వాయిదా వేస్తారు. మీరు వెయ్యకండి. మీ అత్తగారికి కుదరదన్న రోజునే నమోదు చేసి ఉంటే, ఈపాటికి మూడు నెలల వరస గడిచి ఉండేది. ఎక్కడ నమోదు చేయించుకోవాలో ఆలోచించుకోండి. తణుకు నుంచి అర్ధరాత్రి బయల్దేరితే ఏలూరు మీదుగా విజయవాడ వెళ్ళడం, విశాఖ వెళ్ళడం కంటే దగ్గర. హైదరాబాదు దూరమూ ఎక్కువే, రాష్ట్రమూ వేరు.

నమోదయ్యాక ఫోనే ప్రాణం. కిడ్నీని మంచులో ఒక రోజు, కొంచెం అటూఇటూగా, నిలవ ఉంచగలరు. ఆ సమయంలోనే క్రాస్‌మ్యాచ్ జరగాలి, అవసరమైతే ఒక డయాలిసిస్ జరగాలి, ఆపరేషను మొదలవ్వాలి. మూడు నంబర్లు ఇవ్వండి. నంబరు మారితే ఆ రోజే చెప్పండి. తెలియని నంబరని రాత్రి ఫోను కట్టెయ్యకండి. పిలుపు రాగానే రైలు కోసం చూడకుండా వెంటనే బయల్దేరేలా ఒక కారువాడితో ముందే మాట్లాడి ఉంచండి. కాగితాల సంచి, రెండు జతల బట్టలు, వాడుతున్న మందులు, కొంత డబ్బు గుమ్మం దగ్గరే ఉండాలి. బయల్దేరేముందు ఏమైనా తినవచ్చో లేదో ఫోనులోనే అడగండి. జ్వరం, దగ్గు, పుండు ఉంటే దాచకండి. అవకాశం పోతుందని దాచినవాళ్ళకు ప్రాణమే పోవచ్చు.

అమ్మా, రేపు పొద్దున్నే మీరు చెయ్యవలసిన పనులు నాలుగు. పుస్తకం కొనడం, కోఆర్డినేటరుతో కూర్చునే తారీఖు తీసుకోవడం, జీవన్‌దాన్‌లో నమోదు గురించి అడగడం, మీ ఆడపడుచుకు ఫోను చెయ్యడం. నాలుగో పని మొదట చెయ్యండి. “నువ్వు వద్దన్నా నీ పుట్టిల్లు నీ పుట్టిల్లే” అని చెప్పండి. ఆ మాట వదిన నోటినుంచి వస్తేనే ఆమె నమ్ముతుంది.

మరికొన్ని ఉత్తరాలు

ఒక తండ్రి, పాలకొల్లు: డబ్బిస్తే కిడ్నీ ఇచ్చే మనిషిని, కాగితాలను కూడా తానే చూస్తానని ఒకాయన అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

ఒప్పుకోకండి. కిడ్నీ కొనడం, అమ్మడం, మధ్యవర్తిగా ఉండటం – మూడూ నేరాలే. కేంద్ర చట్టం ప్రకారం ఐదు నుంచి పదేళ్ళ జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా. దొంగ కాగితాలతో వచ్చిన దాత తన జబ్బులను కూడా దాస్తాడు. మీ అబ్బాయి ప్రాణం అలాంటివాడి చేతిలో పెట్టకండి. మార్పిడి చేసే ఆస్పత్రి ద్వారా జీవన్‌దాన్‌లో నమోదు చేయించండి.

ఒక విద్యార్థి, భీమవరం: నాన్నగారికి కిడ్నీ మార్పిడి అయి రెండు నెలలైంది. రక్త పరీక్షకు వెళితే “పొద్దున మాత్ర వేసుకుని ఎందుకొచ్చారు?” అని కోప్పడి తిప్పి పంపారు. మందు మానకూడదన్నది కూడా వాళ్ళే కదా?

రెండూ నిజమే. టాక్రోలిమస్ మందు రక్తంలో ఎంత ఉందో చూడాలంటే, రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు, పొద్దున మాత్ర వేసుకోకముందే రక్తం తియ్యాలి. కాబట్టి పరీక్ష రోజున మాత్రను జేబులో పెట్టుకుని వెళ్ళి, రక్తం ఇచ్చిన వెంటనే వేసుకోవాలి. రాత్రి ఎనిమిదికి మాత్ర అయితే పొద్దున ఎనిమిదికి ల్యాబు దగ్గర ఉండాలి. దూరప్రయాణం కాబట్టి రాత్రి మాత్ర వేళను దానికి తగ్గట్టు జరపవచ్చా అని మీ డాక్టరును అడగండి. మీ అంతట మీరు జరపకండి. మొదటి నెలల్లో వారానికి ఒకటి రెండుసార్లు కూడా రమ్మంటారు. తర్వాత పదిహేను రోజులకు, ఆపైన నెలకు వస్తుంది. ఒంట్లో బాగుంది కదా అని ఒక్క తారీఖు కూడా మానకండి. కిడ్నీని ఒళ్ళు తోసిపుచ్చడం మొదలైనప్పుడు నొప్పి ఉండదు, రక్త పరీక్షలోనే తెలుస్తుంది. ఇంకొకటి, పెరట్లో పంపరపనస చెట్టు ఉంటే ఆ కాయలు చుట్టుపక్కలవాళ్ళకు పంచెయ్యండి. అది ఈ మందు మోతాదును రక్తంలో పెంచేస్తుంది.

ఒక గృహిణి, రాజమండ్రి: రాత్రి రెండు గంటలకు కిడ్నీ ఉందని పిలిచారు. హడావిడిగా వెళితే, మధ్యాహ్నానికి వేరేవారికి పెడుతున్నామని ఇంటికి పంపేశారు. మమ్మల్ని మోసం చేశారా?

మోసం కాదమ్మా. ఒక కిడ్నీకి ఒకరికంటే ఎక్కువమందిని పిలుస్తారు. క్రాస్‌మ్యాచ్ ఎవరికి సరిపడితే, వరసలో ముందున్న వారికి పెడతారు. ఒక్కరినే పిలిచి, ఆ ఒక్కరికీ సరిపడకపోతే దానమిచ్చిన కిడ్నీ వృథా అవుతుంది. పిలుపు వచ్చిందంటే పెళ్ళిచూపులకు పిలిచినట్టే గానీ, పెళ్ళి కుదిరినట్టు కాదు. ఎందుకు పెట్టలేదో మాత్రం తప్పక అడిగి రాసుకోండి. జ్వరం వల్లనా, క్రాస్‌మ్యాచ్ వల్లనా, వరసవల్లనా? మొదటిదైతే నయం చేసుకోవచ్చు. చివరిదైతే మీ వారి పేరు పట్టికలో అలాగే ఉంది. ఫోను చార్జింగు పెట్టుకుని ఉండండి.